సాయంత్రానికి ఆపిన నీళ్లు

ఫిబ్రవరి 18, మంగళవారం

ఈ విషయం ఆఫీసు గడప దాటకూడదని సాకేత్ రావు సార్ చెప్పారు. ఊళ్లో నన్ను కన్న అవ్వకు చెబితే పొద్దుగూకేలోగా వాడంతా తెలుస్తుంది. ఖతర్‌లో ఉన్న బాపుకు చెబితే అప్పుడే ఇంటికి తిరిగొచ్చే సంచి సర్దుకుంటాడు. ఎవరికీ చెప్పకుండా ఉంటే నాకు అన్నం సహించడం లేదు. వచ్చే నెల ఒక నిర్ణయం కింద నేను సంతకం పెట్టాలి. నా మనసులో ఏముందో నేనైనా ముందు చదువుకోవాలని ఇవాళ కోరుట్ల బస్టాండు దగ్గర ఈ పుస్తకం కొన్నాను.

మా ఊరి ఇంట్లో దీన్ని తెరిచి పెట్టినా భయం లేదు. అవ్వకు చదువు రాదు, బాపుకు సంతకం వరకే వచ్చు. దాచాల్సింది ఇక్కడ, ఈ హాస్టల్ గదిలోనే.

మా కంపెనీకి కాలువ మీద చిన్న జలవిద్యుత్ కేంద్రం ఉంది. కాలువ ఒకచోట మూడు నిలువుల ఎత్తు నుంచి కిందికి దూకుతుంది. ఆ దూకే నీళ్లతో మా మెషీన్లు తిరుగుతాయి. నీళ్లు పొలాలవి, ఆ దూకుడు మాత్రం మాది. ఇన్నేళ్లూ ఆ కరెంటునంతా ఒకే ధరకు అమ్మే ఒప్పందం ఉండేది. మార్చి ఆఖరుతో అది అయిపోతుంది. పెద్దసారు సుధాకర్ రావు గారు పాత పద్ధతిలోనే ఎవరికో ఒకరికి ఒకే ధరకు అమ్మేద్దామంటున్నారు. ఆయన కొడుకు సాకేత్ సార్ రియల్ టైమ్ మార్కెట్లో చేరదామంటున్నారు. అక్కడ అరగంటకోసారి వేలం. కాసేపట్లో ఇవ్వబోయే కరెంటుకు ఇప్పుడు ధర పలుకుతుంది. దక్షిణాదిలో ఎక్కడ కొరత ఉంటే అక్కడివాళ్లు కొంటారు.

చేరాలా వద్దా అన్న నివేదిక నేను రాయాలట.

"సీనియర్లున్నారు కదా సార్" అన్నాను.

"వాళ్లు రాస్తే డాడీ చదువకుండనే పక్కన పెడతడు. నువ్వు రాస్తే చదువుతడు. నువ్వు కాలువ కింది ఊరి పిల్లవు. కింద ఎవలకూ ఇబ్బంది లేదని నువ్వంటే ఆయనకు ధైర్యం" అన్నారు సాకేత్ సార్. చేరితే జగిత్యాలలో మార్కెట్ డెస్క్ పెడతారు. దాన్ని నేనే చూసుకోవాలి.

నేనే.

ఫిబ్రవరి 20

నన్నే రాయమని ఆయన ఎందుకన్నారో తెలుసు. నా చదువును చూసి కాదు, నా ఊరిని చూసి. అయినా చదువు లేకుంటే ఊరిని ఎవరు అడిగేవారు?

ఫిబ్రవరి 21

రోజంతా ధరల గ్రాఫ్ చూశాను. ఎండ ఉన్నంతసేపూ సోలార్ కరెంటు పొంగిపొర్లుతుంది, మధ్యాహ్నం మన కరెంటు అడిగేవాడు లేడు. పొద్దుగూకి ఇళ్లలో లైట్లు వెలగగానే ధర నిలువునా లేస్తుంది. గీత చూస్తే కాలువ దూకే చోటు గుర్తొచ్చింది, కాకపోతే తలకిందులుగా.

మా నీళ్లకు పగలూ రాత్రీ తేడా లేదు. వచ్చినప్పుడు వస్తాయి. అదే చిక్కు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఊరికి వెళ్లొచ్చాను. మేడిపల్లిలో బస్సు దిగి ఆటో ఎక్కితే కాలువ కట్ట మీదుగానే మా ఇంటికి దారి. కాలువ నిండుగా పారుతోంది. యాసంగి వరి పొట్టకొచ్చింది.

మల్లక్క మా ఇంటి పక్కనే ఉంటుంది. అవ్వ కంటే పెద్దది, కానీ వాడకట్టులో చిన్నాపెద్దా అందరికీ ఆమె మల్లక్కే. నేను చెప్పులు విడవకముందే మొదలుపెట్టింది.

"ఏం పొల్లా, కోరుట్ల నీళ్లు వడ్డట్టున్నయి, బుగ్గలచ్చినయి. కరెంటు అమ్ముతున్నవా ఇంక?"

"అమ్ముతున్న మల్లక్కా."

"మరి మా ఇంటికి కొంచెం ఫ్రీగ ఇయ్యరాదే. ఎండాకాలం కరెంటు సాలక ఫ్యానుకు నేనే ఇసురాలె."

నేను రహస్యం చెప్పలేదు. ఊరికే మాటవరసకు, అరగంటకోసారి కరెంటు ధర మారే బజారు ఒకటుందట అన్నాను. మల్లక్క నోరు తెరిచింది.

"అరగంటకోసారా! మా అంగట్ల గొర్రెలోడు సుత పొద్దుందాక ఒక్కటే మాట మీద ఉంటడు. గీ బజారోనికి నాలికనే లేదా?"

అవ్వ నవ్వి నా పళ్లెంలో ఇంకో జొన్నరొట్టె వేసింది. "మనకేం ఎర్క మల్లక్కా, అది జెప్పేది అది జెప్పుతాంది" అంది. మనకేం ఎర్క. మా అవ్వ గర్వంగా అనే మాట ఇది. బిడ్డకు తెలిసింది తనకు తెలియదని చెప్పడం.

ఫిబ్రవరి 26

ప్లాంటుకు పైన కాలువను వెడల్పు చేసి కట్టిన మడుగు ఉంది. మేం పాండ్ అంటాం. సాకేత్ సార్ ఇవాళ దాని పటం బల్ల మీద పరిచారు. మధ్యాహ్నం షటర్లు దించి పాండ్ నింపాలి. సాయంత్రం ధర లేచాక రెండు మెషీన్లూ ఫుల్ లోడ్ మీద నడపాలి. అంతే ఆయన ఆలోచన.

"కింద నీళ్లు తగ్గుతాయి కదా సార్?"

"తగ్గి మల్ల వస్తయి. మధ్యాహ్నం పోయేది సాయంత్రం పోతది. రోజు మొత్తం మారదు శ్రీలతా. వరి పొలం గంటల లెక్కన తాగదు కదా?"

నిజమే. వరి గంటల లెక్కన తాగదు. మొత్తం మారదు.

మెషీన్ ఆపరేటర్ భూమయ్య గారు వెంటనే ఒప్పుకున్నారు. ఆయనకు మెషీన్లు ఫుల్ లోడ్ మీద నడిస్తే పండగ. "సగం నీళ్లతోని నడిపితె ముసలెద్దు లెక్క మూల్గుతది మేడం. నిండ ఇస్తె సూడుండ్రి దాని పాట" అన్నారు.

ఫిబ్రవరి 27

సాయంత్రం అవ్వకు ఫోన్ చేశాను. అన్నీ మాట్లాడాక మామూలుగా అడిగాను.

"అవ్వా, పగటీలి రెండు మూడు గంటలు కాలువ తక్కువ పారితె ఏమన్న ఇబ్బందా?"

"ఎందుకు తక్కువైతది?"

"ఊరికే అడుగుతున్న."

"మడి నిండనే ఉన్నది. తక్కువైతె ఏమాయె, మోటరు బంద్ జేసి ఇంత తిని పండుకుంటం. ఏందే, కాలువ కట్టేస్తరా?"

"లేదు, లేదు."

నివేదికలో ఒక వాక్యం రాశాను: దిగువ రైతులతో మాట్లాడాను, వారికి అభ్యంతరం లేదు.

దిగువ రైతులు. బహువచనం. రేపు దిద్దుతాను.

ఫిబ్రవరి 28

దిద్దలేదు. అవ్వ రైతే కదా.

మార్చి 3, సోమవారం

పెద్దసారు పంపితే సిరిసిల్ల వెళ్లాను. అక్కడ గోవర్ధన్ గారికి మరమగ్గాల షెడ్లున్నాయి. మా కరెంటు మొత్తం ఆయనే ఏడాది పొడవునా ఒకే ధరకు తీసుకుంటానంటున్నారు. షెడ్డులో మాట వినబడదు. బయటికొచ్చి వేపచెట్టు నీడలో నిలబడి మాట్లాడారు.

"మాకు పగటి కరెంటు గావాలె బిడ్డా. మా మగ్గాలు పొద్దుగాల మొదలైతె పొద్దుగూకెదాక. మీ నీళ్లు సుత గట్లనే పారుతయి గదా, ఇద్దరికీ జోడు కుదురుతది."

"మా సార్ మార్కెట్ అంటున్నారు."

"ఇన్న. షేర్ల బజారు లెక్కనే గదా? మా బామ్మర్ది గట్లనే పోయి, ఇప్పుడు నా షెడ్డుల బాబిన్లు పెడుతుండు." నవ్వి, వెంటనే నవ్వు ఆపేశారు. "నా ధర తక్కువని నాకెర్కనే. అంతకన్న ఇస్తె నేను షెడ్డు మూసుకోవాలె. నువ్వు రాసేది నువ్వు రాయి. నాకు మాత్రం ఔనో కాదో జెప్పుండ్రి. ఆశ పెట్టి ఆగం జేయకుండ్రి."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆయన ధరకూ సాయంత్రం ధరకూ ఉన్న తేడాను బాపు జీతంతో పోల్చుకున్నాను. అలా పోల్చడానికి దానికీ దీనికీ ఏం సంబంధం? లేదు. అయినా పోల్చుకున్నాను.

మార్చి 5

రేపటి నుంచి మూడు రోజులు ట్రయల్. మార్కెట్లో ఇంకా లేం కాబట్టి, ఉన్నట్టే అనుకుని వేలం కాగితం మీద ఆడతాం. నీళ్లను మాత్రం నిజంగానే ఆపుతాం. ఇరిగేషన్ వాళ్లకు చెప్పాలా అని అడిగాను. "మొత్తం మారదు కదా, దేనికి చెప్పాలె? చెప్తె ఆర్నెల్లు కాయితాలు నడుస్తయి" అన్నారు సాకేత్ సార్.

మొత్తం మారదు.

మార్చి 6

బాగా జరిగింది. షటర్ దించడం, ధర చూడటం, సరైన అరగంటకు బిడ్ పెట్టడం అన్నీ నా చేతి మీదే. ఆరున్నరకు రెండు మెషీన్లూ లేచాయి. భూమయ్య గారు చెప్పిన పాట విన్నాను. నేల వణుకుతుంటే అరికాళ్ల నుంచి పైకి పాకుతుంది. భయం వేయలేదు. నాకు అది నచ్చింది. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను, చాలా నచ్చింది.

మార్చి 7

మళ్లీ బాగా జరిగింది. రేపు ఇంకొంచెం ఎక్కువసేపు ఆపి చూద్దామన్నారు సార్. సరే అన్నాను.

మార్చి 8, శనివారం

మల్లక్క చెయ్యి విరిగింది. అవ్వ బాగానే ఉంది. జగిత్యాల దవాఖానాకు వెళ్తున్నాను.

మార్చి 9, ఆదివారం

కుదురుగా రాయాలి.

నిన్న మధ్యాహ్నం పాండ్ నిండేదాకా ఆపాం. మా ఊరి దగ్గర కాలువ మోకాలి లోతుకు, ఆ తర్వాత పాదం లోతుకు దిగిపోయింది. ముందు రెండు రోజులూ కొంచెమే తగ్గి రాత్రికి నిండింది, ఈసారి అడుగు కనబడింది. ఊళ్లోవాళ్లు ఏమనుకోవాలో అదే అనుకున్నారు: ఈ విడత నీళ్ల తడి అయిపోయింది, కాలువ కట్టేశారు.

కాలువ కట్టేస్తే మా ఊళ్లో ఏం చేస్తారో నాకు తెలియదా? నడవడం వచ్చిన ప్రతి మనిషికీ తెలుసు. పాత దోమతెరలు, గంపలు పట్టుకుని ఆడవాళ్లంతా కాలువలోకి దిగుతారు. గుంటల్లో చిక్కిన జెల్లలు, బొమ్మెలు, పరకలు పడతారు. ముందు దిగినవాళ్లకు పెద్ద చేపలు. పట్టినవన్నీ కట్ట మీద కుప్ప పోసి, ఇంటికో పాలు పెట్టుకుంటారు. దిగలేని ముసలివాళ్లకూ పాలు ఉంటుంది. నేను పదో తరగతి దాకా దిగాను. ఇంజినీరింగ్ సీటు వచ్చిన ఏడాది కూడా దిగాను.

నివేదికలో పొలాలు రాశాను, మోటర్లు రాశాను, కట్ట బలం రాశాను. దోమతెరలు రాయలేదు. అవ్వ ఫోన్‌లో "కాలువ కట్టేస్తరా?" అని అడిగింది కూడా. లేదు, లేదు అన్నాను.

సాయంత్రం మేం షటర్లు లేపాక నీళ్లు ఒక్కసారిగా గోడలా రాలేదట. ముందు చీలమండలు తడిశాయి, ఎవరో అరిచేలోపే నడుము దాకా వచ్చాయి. అందరూ వాలుగట్టు పట్టుకుని పైకి పాకారు. సిమెంటు గట్టు, పాచి, కాలు నిలవదు. అవ్వను ఎవరో కొంగు పట్టి లాగారు. మల్లక్క దోమతెర వదల్లేదు. నీళ్లు ఆమెను కల్వర్టు దాకా తీసుకుపోయి మోటరు పైపుకు కొట్టాయి. ఆ పైపు పట్టుకునే బతికింది.

దవాఖానాలో కట్టు కట్టిన చెయ్యి ఎత్తి చూపించింది.

"సూడు పొల్లా, బొమ్మె ఇంత ఉండె, గీ చెయ్యంత. చెయ్యి పోతె పోయింది, బొమ్మె సుత పాయె. గా లష్కర్ గాని నోట్ల మన్ను వడ, నీళ్లు కట్టేసినోడు మల్ల ఎందుకిడిసిండే?"

లష్కర్ మొగిలయ్య. మా ఊరి దగ్గర కాలువ తూములు చూసే మనిషి. నీళ్లు తగ్గినా పెరిగినా ఊరికి కనబడేది ఆయనొక్కడే. రాత్రే నలుగురైదుగురు ఆయన ఇంటి మీదికి పోయారట. చొక్కా చింపారట.

"నేనేం ముట్టలేదు బాంచెన్ అంటుండు" అంది అవ్వ. "తాగి మర్చిపోయిండో ఏందో."

నేను బత్తాయిలు ఒలిచి మల్లక్కకు పెట్టాను. తొనలు, గింజలు తీసి. చాలాసేపు ఒలిచాను.

మార్చి 10

సాకేత్ సార్‌కు చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. చెడ్డమనిషి కాదు. కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గర నిలబడ్డారు. దవాఖానా ఖర్చు పూర్తిగా పెట్టుకుంటామన్నారు. తర్వాత, మన పేరు రావద్దు అన్నారు.

"మొగిలయ్యను అంటున్నారు సార్."

"డిపార్ట్‌మెంట్ చూసుకుంటది. ఆయన ముట్టలేదని తేలుతది కదా."

"ఎలా తేలుతుంది? మనం చెప్పకుండా?"

"శ్రీలతా, నడిచే కాలువల దిగుడే తప్పు. బోర్డు లేదా అక్కడ?"

ఉంది. కాలువలోకి దిగరాదు అని. మల్లక్క దాని మీద చీరలు ఆరేస్తుంది. చదవడం వచ్చినవాళ్లూ ఆరేస్తారు.

"సైరన్ పెడదాం. నీళ్లు ఇడిసే ముందు మోగుతది. అది రాయి. ట్రయల్ సక్సెస్ అని రాయి, సైరన్ సిఫార్సు చెయ్యి. పద్ధతిగ ఉంటది."

పద్ధతిగానే ఉంది. సైరన్ మంచిదే. సైరన్ మోగితే జనం బయటికి వస్తారు.

మార్చి 11

వస్తారా?

సైరన్‌తో కలిపి రెండో ప్రతి రాశాను. చదివితే ఎక్కడా అబద్ధం లేదు. మొగిలయ్య కూడా లేడు.

మార్చి 12

బాపు ఫోన్ చేశాడు. మార్కెట్ డెస్క్ సంగతి అవ్వకు నేనే ఎప్పుడో నోరు జారాను, అవ్వ చెప్పేసింది.

"బిడ్డా, జగిత్యాలల పెద్ద కుర్చీ అట గదా! క్యాంపుల అందరికి చాయ్ తాగిపిచ్చిన."

"ఇంకా కాలేదు బాపూ."

"అయితది, అయితది. మా ఫోర్‌మన్‌కు జెప్పిన, గీసారి కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టనని. మే నెలల అస్తున్న. నువ్వు బడికి పోయిన దినం నేను ఈడనే ఉన్న, కాలేజీకి పోయిన దినం ఈడనే ఉన్న. గీ కుర్చీల కూసున్న దినమన్న సూడాలె."

సిగ్నల్ సరిగా లేదన్నాను. సిగ్నల్ బాగానే ఉంది.

మార్చి 13, గురువారం

మొగిలయ్యను డ్యూటీకి రావద్దన్నారట. ఊరివాళ్లు రాసిచ్చిన ఫిర్యాదు మీద ఈ నెల 24న విచారణ. ఆ ఫిర్యాదు కింద అవ్వ వేలిముద్ర ఉంది.

సెలవు పెట్టి మొదటి బస్సుకు ఊరికి వెళ్లాను. అవ్వ పెరట్లో బోళ్లు తోముతోంది. నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేననిపించింది.

"అవ్వా, ఆ రోజు నీళ్లు మొగిలయ్య ఇడువలే. మా ప్లాంటు నుంచి ఇడిసినం. గేటు లేపుమని నేనే జెప్పిన."

అవ్వ చేతిలోని చెంబు అలాగే ఉంది.

"నువ్వా?"

"నేనే."

"నేను కాలువల ఉన్న గదనే."

నాకు తెలియదు అవ్వా అనబోయాను. ఆగిపోయాను. తెలియకపోవడానికి నేను ఏ ఊరిదాన్ని?

అవ్వ ఏడవలేదు, తిట్టలేదు. చెంబు కడిగి బోర్లించింది. ఇంకో గిన్నె తీసుకుంది, అదీ కడిగింది. నా వైపు చూడకుండా అడిగింది: "మల్లక్కకు జెప్పినవా?"

మల్లక్క మంచం మీద కూర్చుని ఒంటిచేత్తో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చెప్పాను. చెబుతుంటే ఆమె కాయలు పక్కన పెట్టింది.

"గందుకేనా పొల్లా, గా దినం బత్తాయిలు గింజల్దీసి వెట్టినవు? నేననుకున్న, పొల్లకు నా మీద ఎంత పావురమో అని."

నేను నేల చూశాను.

"ప్రేమ లేదని కాదు మల్లక్కా."

"ఉంటది తియ్యి." కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో సర్దుకుంది. "చెయ్యంటె అతుకుతది. గాని మొగిలిగాన్ని నేను దవాఖాన్ల పండుకోని తిట్టిన తిట్లు మామూలుయి గావు. ఆని పెండ్లాం ఇన్నది, పోరగాండ్లు ఇన్నరు. గవి ఎవలు ఎన్కకు దీస్కుంటరు?"

"నేను ఊళ్లె అందరికీ జెప్త."

"జెప్పు. ఇగ కొలువు?"

ఆమె కాయల గంప నా వైపు తోసింది. ఇద్దరం ఈనెలు తీశాం.

మార్చి 14

హోలీ. కోరుట్లలో రోడ్లన్నీ రంగులు. గది తలుపు వేసుకుని కూర్చున్నాను.

నిన్న తిరిగొచ్చే ముందు మొగిలయ్య ఇంటికీ వెళ్లాను. లోపలికి రమ్మనలేదు. అనాల్సిన పనీ లేదు. అంతా విని ఒకటే అన్నాడు: "నువ్వు నా అరుగు మీద నిలవడి జెప్తె నేను నమ్ముత. విచారణల నన్నెవలు నమ్ముతరు? కాయితం మీద మీ కంపెనీ ముద్రతోని ఇయ్యి."

మార్చి 15

రోజంతా ఒకటే ఆలోచన అటూ ఇటూ. సైరన్ గురించి మాత్రం తేలింది. కాలువ కట్టేశారని నమ్మిన మనిషికి సైరన్ అంటే ఇంకెవరిదో గోల. నీళ్లు తగ్గడమే మా ఊరికి వార్త. ఆ వార్తను మేం రోజూ అబద్ధం చేస్తే ఏ కూతా దాన్ని సరిచేయలేదు.

మార్కెట్ మీద నాకు కోపం లేదు. ఇంకా ఇష్టమే. మెషీన్లు లేచినప్పటి పాట ఇప్పటికీ అరికాళ్లలో ఉంది. దాన్ని మళ్లీ వినాలని ఉంది. ఇది కూడా నిజమే కాబట్టి రాస్తున్నాను.

బాపుకు ఇంకా చెప్పలేదు.

మార్చి 16, ఆదివారం

సాకేత్ సార్‌కు పొద్దున ఫోన్ చేసి చెప్పాను, నివేదిక మార్చి పెద్దసారుకే నేరుగా ఇస్తున్నానని. "డెస్క్ సంగతి ఆలోచించినవా?" అన్నారు. ఆలోచించానన్నాను. "నేనైతె ఆపను" అన్నారు చివరికి. కోపంగానే అన్నారు, కానీ అన్నారు.

రేపు ఇవ్వబోయే కాగితం ఇక్కడ కూడా ఎత్తి రాసుకుంటున్నాను. చేతిలోంచి వెళ్లిపోయాక ఏం రాశానో మెత్తగా గుర్తు చేసుకునే గుణం నాకుందని ఈ పుస్తకం తిరగేస్తే తెలిసింది.

శ్రీ సుధాకర్ రావు గారికి,

రియల్ టైమ్ మార్కెట్లో చేరడంపై నా నివేదిక.

మనం చేరవచ్చు. కానీ కాలువలో ఎప్పుడు ఎంత నీరు వస్తే అప్పుడు అంత కరెంటు మాత్రమే అమ్మాలి. పగటి కరెంటును సిరిసిల్ల గోవర్ధన్ గారికి ఒకే ధరకు ఇచ్చి, సాయంత్రానిది, రాత్రిది మార్కెట్లో పెట్టాలని నా సిఫార్సు. లాభం సాకేత్ సార్ ఆశించినంత ఉండదు. పాండ్‌లో నీళ్లు ఆపి సాయంత్రం వదిలే పద్ధతిని నేను సిఫార్సు చేయడం లేదు. సైరన్ పెట్టినా చేయను. కాలువ తగ్గితే తడి అయిపోయిందని దిగువ ఊళ్లు నమ్ముతాయి, చేపలకు దిగుతాయి. ఇది వారి అజాగ్రత్త కాదు, ఏళ్లుగా కాలువ వారికి చెప్పిన మాట.

దిగువ రైతులకు అభ్యంతరం లేదని మొదటి ప్రతిలో రాశాను. నేను అడిగింది మా అమ్మ ఒక్కరినే, అదీ అసలు సంగతి చెప్పకుండా. ఆ వాక్యం తీసేస్తున్నాను.

మార్చి 8న మా ఊరి దగ్గర కాలువ ఒక్కసారిగా పెరగడానికి కారణం మన ట్రయల్. షటర్లు దించమన్నదీ, లేపమన్నదీ నేను. లష్కర్ మొగిలయ్య ఆ రోజు ఏ తూమూ ముట్టలేదు. ఆయన మీద 24న విచారణ ఉంది. ఈ సంగతి కంపెనీ తరఫున, కంపెనీ ముద్రతో, ఇరిగేషన్ ఇంజినీరు గారికి మీరు రాసివ్వాలని కోరుతున్నాను. మీరు రాయలేకపోతే నా సంతకంతో ఇదే కాగితం నేను తీసుకువెళ్తాను. ముద్ర లేని కాగితానికి ఎంత విలువ ఉంటుందో నాకు తెలియదు. అందుకే ముందు మిమ్మల్ని అడుగుతున్నాను.

మార్కెట్ డెస్క్ గురించి ఇందులో ఏమీ అడగడం లేదు. కానీ మా నాన్న అక్కడి పని మానుకోవడానికి సిద్ధమవుతున్నారు, ఆయనకు ఏదో ఒకటి నిజం చెప్పాలి. కాబట్టి డెస్కుకూ, ముద్ర కాగితానికీ, రెండిటికీ కలిపి శనివారం, మార్చి 22 సాయంత్రంలోగా నాకు జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
దశరథం, భూమవ్వల బిడ్డ
శ్రీలత